మోకాళ్ల అరుగుదలకు పసుపు, అందుగు ఎక్స్‌ట్రాక్టులు నిజంగా పనిచేస్తాయా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 64 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడి మోకాలు అప్పుడప్పుడూ ఉబ్బుతోంది. పెయిన్‌కిల్లర్ వేసుకుంటే కడుపులో మంట. తెలిసినవాళ్లెవరో పసుపు, అందుగు చెట్టు బంక ఎక్స్‌ట్రాక్టులు (చిక్కబరిచిన సారాలు) కలిపిన క్యాప్సూల్ వాడమన్నారు. వాపు తగ్గి గుజ్జు మళ్లీ పెరుగుతుందని సీసా మీద రాసి ఉంది. వాడొచ్చా, లేదా?

కీళ్ల జబ్బులు చూసే డాక్టర్‌గా ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న వింటున్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను. నొప్పి కొంత తగ్గే అవకాశం ఉంది. వాపు తగ్గుతుందని మాట ఇవ్వలేను. గుజ్జు మాత్రం పెరగదు. ఈ మూడింటినీ ఒకే మాటగా కలిపి చెప్పడం దగ్గరే సీసా మీది రాతలు జనాన్ని తప్పుదారి పట్టిస్తాయి. అందుకే విడివిడిగా రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అరుగుదల అంటే బండి టైరు అరిగినట్టు అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు డాక్టర్లం కూడా అలాగే చెప్పేవాళ్లం. అసలు జరిగేది వేరు. గుజ్జు, అంటే ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి, కొద్దికొద్దిగా చిట్లి, ఆ తునకలు కీలులోని ద్రవంలో కలుస్తాయి. కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది, సైనోవియం అంటాం. ఆ పొరలోని కణాలు ఈ తునకలను చూసి రెచ్చిపోతాయి. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి, వాపును రేపే రసాయనాలు విడుదల చేస్తాయి. అవి గుజ్జులోని కణాలకు చేరితే ఆ కణాలే ఎంఎంపీ-13 లాంటి ఎంజైములు తయారుచేసి తమ చుట్టూ ఉన్న గుజ్జునే కరిగించేస్తాయి. మళ్లీ తునకలు, మళ్లీ వాపు. శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఇది పెద్ద మంట అయితే, అరుగుదలలో నివురు కింద నిప్పు లాంటిది. అమ్మగారి కుడి మోకాలు ఉబ్బుతోందంటే ఆ నిప్పు కొంచెం రాజుకుందని అర్థం.

మొక్కల సారాల మీద ఆశంతా ఇక్కడే పుట్టింది. ల్యాబ్‌లో గుజ్జు కణాలను గాజు పాత్రలో పెంచి, వాటి మీద ఇంటర్‌ల్యూకిన్-1 పోసి రెచ్చగొట్టి, ఆ తర్వాత పసుపులోని కర్క్యుమిన్‌నో, గ్రీన్ టీలోని ఈజీసీజీనో, బ్రకోలీలోని సల్ఫోరఫేన్‌నో వేస్తే ఎంజైములు తగ్గుతాయి. ఇది చాలాసార్లు, చాలా ల్యాబుల్లో కనిపించింది. అబద్ధం కాదు.

కానీ గాజు పాత్రకూ మోకాలికీ మధ్య చాలా దూరం ఉంది. నోట్లో వేసుకున్న కర్క్యుమిన్‌లో చాలా భాగం పేగుల్లోంచి లోపలికే పోదు. పోయిన కాస్తనూ పేగు గోడ, లివర్ కలిసి వెంటనే మార్చేసి బయటకు పంపేస్తాయి. ల్యాబ్‌లో పోసే మోతాదులో వందో వంతు కూడా రక్తంలో కనిపించదు. ఆపైన గుజ్జులో రక్తనాళాలే ఉండవు. దానికి ఏది చేరాలన్నా కీలు ద్రవంలోంచి ఊరుతూ చేరాల్సిందే.

ఇంకో సంగతి. ఇదే ఇంటర్‌ల్యూకిన్-1ని, ఇదే టీఎన్‌ఎఫ్‌ని గురిచూసి అడ్డుకునే శక్తిమంతమైన ఇంజెక్షన్లను అరుగుదల రోగుల మీద ప్రయత్నించారు. ఇంటర్‌ల్యూకిన్-1ని అడ్డుకునే లుటికిజుమాబ్ మోకాలి వాపు ఉన్నవాళ్లలో వాపును తగ్గించలేకపోయింది. టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే అడాలిముమాబ్ చేతి కీళ్ల అరుగుదలలో మందేమీ లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే మెరుగ్గా పనిచేయలేదు. రుమటాయిడ్ రోగులను మంచం మీంచి లేపి నడిపించిన అడాలిముమాబ్ లాంటి మందే ఇక్కడ చేతులెత్తేసింది. అందుకే 'ల్యాబ్‌లో ఇంటర్‌ల్యూకిన్‌ను తగ్గించింది' అని ఏ సీసా మీద కనిపించినా నేను పెద్దగా పట్టించుకోను. మనుషుల మీద, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసినప్పుడు ఏం జరిగిందన్నదే నాకు ముఖ్యం.

అలా చూస్తే మొక్కల్లో ముందు వరసలో నిలిచేది అందుగు. శల్లకి అని కూడా రాస్తారు, శాస్త్రీయ నామం బోస్వెల్లియా సెర్రాటా. ఆ చెట్టు బెరడుకు గాటు పెడితే కారే బంకలో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉంటాయి. వాటిలో గట్టిది ఏకేబీఏ. మామూలు పెయిన్‌కిల్లర్లు కాక్స్ అనే ఎంజైమును ఆపుతాయి. ఇది 5-లిపాక్సిజనేజ్ అనే వేరే ఎంజైమును ఆపుతుందని ల్యాబ్‌లో తేలింది. కాక్స్‌ను ఆపినప్పుడు కడుపు లోపలి రక్షణ పొర దెబ్బతింటుంది, అమ్మగారికి మంట వచ్చేది అందుకే. దారి వేరు కాబట్టి అందుగుకు ఆ బెడద తక్కువ.

2014లో వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అరుగుదలకు నోటి ద్వారా తీసుకునే మొక్కల మందుల మీద 49 ట్రయల్స్‌ను, దాదాపు 6,000 మంది సమాచారాన్ని ఒకచోట చేర్చి చూసింది. ఏకేబీఏ శాతం పెంచిన అందుగు ఎక్స్‌ట్రాక్ట్ రోజుకు 100 మిల్లీగ్రాములు చొప్పున 90 రోజులు వాడినవాళ్లలో నొప్పి 100కి 23 దగ్గర ఉంటే, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 40 దగ్గర ఉంది. అంటే 17 పాయింట్ల తేడా. మెట్లెక్కేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు మనిషికి తెలిసేంత తేడానే ఇది. అయితే ఆ అంకె చిన్న ట్రయల్స్ నుంచి వచ్చింది. ఈ రంగంలో చాలా ట్రయల్స్‌కు ఎక్స్‌ట్రాక్ట్ తయారుచేసే కంపెనీలే డబ్బు పెడతాయి. నేను ఆ 17ని పూర్తిగా నమ్మను, అలాగని కొట్టిపారేయను కూడా. నా దగ్గరికి వచ్చేవాళ్లలో అందుగుతో ఊరట పొందినవాళ్లు ఉన్నారు, ఏమీ తేడా తెలియనివాళ్లూ ఉన్నారు.

ఇక పసుపు. దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే అపోహలు ఎక్కువ దీని మీదే.

పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. ట్రయల్స్‌లో వాడిన మోతాదు పొడి రూపంలో రావాలంటే రోజూ గుప్పెళ్ల కొద్దీ మింగాలి. అందుకే 'పసుపు రోజూ తింటూనే ఉన్నాంగా, మరి నొప్పులెందుకు తగ్గలేదు' అనే ప్రశ్నకూ, 'పసుపే కదా, ఏమవుతుంది' అనే ధైర్యానికీ రెండింటికీ అర్థం లేదు. క్యాప్సూల్‌లో ఉన్నది వంటింటి పసుపు కాదు, దాన్ని ముప్ఫై రెట్లు చిక్కబరిచిన సారం.

థాయ్‌లాండ్‌లో 367 మంది మోకాలి అరుగుదల రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు ఎక్స్‌ట్రాక్ట్, ఇంకో గుంపుకు 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ అనే పెయిన్‌కిల్లర్ నాలుగు వారాలు ఇచ్చారు. 2014లో ఫలితం వచ్చింది. నొప్పి విషయంలో పసుపు ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు, కడుపునొప్పి మాత్రం పసుపు గుంపులో తక్కువ. దీన్నే చాలా ప్రకటనల్లో వాడుకుంటారు. కానీ అందులో ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు, నాలుగు వారాలంటే తక్కువ సమయం.

నాకు ఎక్కువ ఉపయోగపడింది 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మానియా నుంచి వచ్చిన అధ్యయనం. ఎందుకంటే వాళ్లు సరిగ్గా అమ్మగారి లాంటివాళ్లనే తీసుకున్నారు. మోకాలి నొప్పితో పాటు లోపల నీరు, వాపు ఉన్నట్టు స్కాన్‌లో కనిపించిన 70 మంది. సగం మందికి పసుపు ఎక్స్‌ట్రాక్ట్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, 12 వారాలు. నొప్పి పసుపు గుంపులో 100కి 9 పాయింట్లు అదనంగా తగ్గింది. ఆ తర్వాత ఎంఆర్‌ఐ తీసి లోపలి వాపును కొలిస్తే రెండు గుంపులకూ తేడా లేదు. గుజ్జు నాణ్యతలోనూ తేడా లేదు.

ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సీసా మీది రాతలు మిమ్మల్ని మోసం చేయలేవు. నొప్పి తగ్గింది, వాపు తగ్గలేదు. నొప్పి తగ్గడం చిన్న విషయం కాదు, రాత్రి నిద్ర పట్టడం, నాలుగడుగులు ఎక్కువ వేయడం అంటే మాటలు కాదు. కానీ 'నొప్పి తగ్గింది కాబట్టి లోపల నయమైపోతోంది' అనుకుని మిగతావన్నీ ఆపేస్తే అది పొరపాటు.

రక్తంలోకి సరిగా చేరదు కాబట్టి చాలా కంపెనీలు కర్క్యుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్ కలుపుతాయి. 1998లో వచ్చిన అధ్యయనంలో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే కర్క్యుమిన్ శరీరానికి అందడం 2,000 శాతం పెరిగిందని తేలింది. ఆ అంకె ప్రతి సీసా మీదా ఉంటుంది. ఎలా పెరిగిందో మాత్రం రాయరు. కర్క్యుమిన్‌ను విరగ్గొట్టి బయటకు పంపే లివర్, పేగుల యంత్రాంగాన్ని పైపరిన్ మందగింపజేస్తుంది. ఆ యంత్రాంగం ఒక్క కర్క్యుమిన్ కోసం లేదు. మనం వేసుకునే ఇతర మందులు చాలావాటిని కూడా అదే చూసుకుంటుంది. ఫిట్స్ మందు, కొన్ని బీపీ మందులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు రక్తంలో ఆ మందుల మోతాదు పెరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే అలాంటి మందులు వాడేవాళ్లకు పైపరిన్ కలిపినవి నేను వద్దంటాను.

లివర్ సంగతి కూడా చెప్పాలి. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో వరసగా హెపటైటిస్ (లివర్ వాపు) కేసులు బయటపడ్డాయి. తర్వాత అమెరికాలో ఇలాంటి 10 కేసులను పరిశీలిస్తే ఏడుగురిలో హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే ఒకే జన్యు రకం కనిపించింది. అంటే అందరికీ జరిగేది కాదు, కొందరి శరీరతత్వానికి పడదు. ఆ కొందరిలో మనం ఉన్నామో లేదో ముందుగా తెలియదు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయి ఒళ్లంతా దురద పెట్టినా క్యాప్సూల్ ఆ రోజే ఆపి లివర్ పరీక్ష చేయించాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు పసుపు ఎక్స్‌ట్రాక్ట్ జోలికి పోకపోవడమే మంచిది, అది పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది.

మిగతా మొక్కల గురించి గబగబా చెప్తాను. అల్లం ఎక్స్‌ట్రాక్ట్‌తో 2001లో చేసిన ట్రయల్‌లో 63 శాతం మందికి నొప్పి తగ్గితే, ఉత్తుత్తి మాత్రతో 50 శాతం మందికి తగ్గింది. లాభం ఉంది గానీ కొంచెమే, పైగా కొందరికి గుండెల్లో మంట వస్తుంది, అమ్మగారికి నేను చెప్పను. విల్లో చెట్టు బెరడు ఆస్పిరిన్‌కు పూర్వీకురాలు. వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ డైక్లోఫెనాక్ అనే పెయిన్‌కిల్లర్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే డైక్లోఫెనాక్‌తో నొప్పి 47 శాతం తగ్గింది, విల్లోతో 17, ఉత్తుత్తి మాత్రతో 10. అవకాడో, సోయా నూనెల నుంచి తీసే ఏఎస్‌యూతో నొప్పి 100కి 8 పాయింట్లు తగ్గింది. తుంటి కీలు అరిగినవాళ్లకు దాన్ని మూడేళ్లు ఇచ్చి ఎక్స్‌రేలు కొలిచినా, ఎముకల మధ్య సందు తగ్గే సగటు వేగం మారలేదు. గుజ్జు గురించి నేను అంత గట్టిగా చెప్పడానికి ఇలాంటి ఫలితాలే కారణం.

మొక్క నుంచి వచ్చినదే అయినా జనం మర్చిపోయేది ఒకటుంది: మిరపలోని క్యాప్సైసిన్. పూతగా వాడతారు. నొప్పిని మోసే నరాల కొసలను మొదట రెచ్చగొట్టి, తర్వాత మొద్దుబారేలా చేస్తుంది. అమెరికా రుమటాలజీ కాలేజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలికి దీన్ని షరతులతో సిఫారసు చేసింది, చేతి కీళ్లకు వద్దంది, చేత్తో కళ్లు నలుపుకుంటే ప్రమాదం కదా. రోజుకు మూడు నాలుగు సార్లు, కనీసం రెండు మూడు వారాలు రాయాలి. మొదటి వారం మంట పుడుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. రాశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని మీద వేడి కాపడం పెట్టకూడదు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. 'మూలికల మాత్రలు వేసుకుంటే మూడు రోజుల్లో నొప్పి మాయమైంది డాక్టర్, కానీ షుగర్ ఎందుకో పెరిగిపోయింది' అన్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతుల మీద చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు, చర్మం కాగితంలా పల్చబడింది. నాకు చూడగానే అర్థమైంది, అది స్టెరాయిడ్. ఆ పొట్లం మీద స్టెరాయిడ్ అన్న మాట ఎక్కడా లేదు. ఆయనను హఠాత్తుగా ఆపమని చెప్పలేను, ఎందుకంటే నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీని ఆపేస్తుంది. ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లెక్క కట్టి తగ్గిస్తూ రావడానికి నెలలు పట్టింది. ఇది ఆయన ఒక్కరి కథ కాదు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆర్ట్రి కింగ్ పేరుతో అమ్ముతున్న కీళ్ల సప్లిమెంట్లలో లేబుల్ మీద చెప్పని డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నాయని హెచ్చరికలు ఇచ్చింది.

అందుకే నాకొక గుర్తు ఉంది. నిజమైన ఎక్స్‌ట్రాక్ట్ నెమ్మదిగా, వారాల మీద, కొంచెమే పనిచేస్తుంది. రెండు మూడు రోజుల్లో అద్భుతం జరిగితే సంతోషించకండి, అనుమానించండి.

సీసా వెనకాల ఏం చూడాలో చెప్తాను. 'బోస్వెల్లియా 500 మిల్లీగ్రాములు' అని ఊరికే ఉంటే అది బంక పొడి కావచ్చు. బోస్వెల్లిక్ ఆమ్లాలు ఎంత శాతం, ఏకేబీఏ ఎంత శాతం అని విడిగా రాసి ఉండాలి. పసుపుకైతే కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని లాంటి పదార్థాలు) ఎన్ని మిల్లీగ్రాములో చూడాలి. 'ప్రొప్రయటరీ బ్లెండ్' అని పది మొక్కల పేర్లు కలిపి ఒకే బరువు ఇస్తే దేంట్లో ఎంతుందో ఎవరికీ తెలియదు, దాన్ని పక్కన పెట్టేయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, సీసం లాంటి భార లోహాల పరీక్ష చేసినట్టు వివరం ఉంటే మంచిది.

క్యాప్సూల్ వాడాలనే అనుకుంటే, అమ్మగారి విషయంలో నేనైతే ఇలా చేస్తాను. పసుపు, అందుగు కలిపినది కాకుండా అందుగు ఒక్కటే మొదలుపెడతాను. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. మొదలుపెట్టే ముందు ఒక వారం ఏమీ మార్చకుండా నోట్‌బుక్‌లో రాయండి: మెట్లు దిగేటప్పుడు నొప్పి 10కి ఎంత, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారు, రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. వారానికోసారి పొద్దున్నే మోకాలి చిప్ప మధ్యగా టేపు చుట్టి రెండు మోకాళ్ల కొలతా రాయండి. తర్వాత క్యాప్సూల్‌ను భోజనంతో పాటు ఇవ్వండి, కొవ్వు ఉన్న ఆహారంతో తీసుకుంటే బోస్వెల్లిక్ ఆమ్లాలు రక్తంలోకి ఎన్నో రెట్లు బాగా చేరతాయి, ఖాళీ కడుపున వృథా. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చూడండి. నోట్‌బుక్‌లో తేడా లేకపోతే ఆపేయండి, 'ఇంకొంచెం చూద్దాం' అని లాగొద్దు. తేడా ఉంటే రెండు వారాలు ఆపి చూడండి, నొప్పి మళ్లీ పెరిగితే అది నిజంగా పనిచేసినట్టే. అరుగుదల నొప్పి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనం మందు కొనేది నొప్పి బాగా ఎక్కువైనప్పుడే కాబట్టి, ఏం వేసుకున్నా తర్వాత తగ్గినట్టే అనిపిస్తుంది.

కడుపు మంట సమస్యకు నేరుగా జవాబు ఇంకొకటి ఉంది. మాత్ర బదులు డైక్లోఫెనాక్ జెల్. మోకాలికి ఇది గట్టి సిఫారసు ఉన్న మందు, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఏ ఎక్స్‌ట్రాక్ట్ కంటే ముందు నేను దీన్నే ప్రయత్నిస్తాను. తొడ కండరాల వ్యాయామం, బరువు ఎక్కువగా ఉంటే తగ్గించడం గురించి మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఏ క్యాప్సూల్ కూడా ఆ పని చేయలేదు.

ఉబ్బిన కుడి మోకాలిని ఒకసారి డాక్టర్ చేత్తో చూడాలి. చిప్ప పక్కన లోపలి వైపు అరచేత్తో పైకి తుడిచి, బయటి వైపు మెల్లగా నొక్కితే, నీరు ఉంటే లోపలి వైపు చిన్న అలలా పొంగుతుంది. ఎక్కువగా ఉంటే సూదితో తీసి పరీక్షకు పంపుతాం. మోకాలు ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొద్దున్నే బిగుతు గంటకు పైగా ఉంటున్నా, చేతివేళ్ల కీళ్లు కూడా వాస్తున్నా అది అరుగుదల కాకపోవచ్చు.

మీరు ఒక విషయం రాయలేదు. అమ్మగారు వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా? దగ్గర్లో ఏదైనా ఆపరేషన్ అనుకుంటున్నారా? ఉంటే పైన రాసిన క్యాప్సూల్స్ ఏవీ మొదలుపెట్టకండి. వాడుతున్న మందుల పేర్లన్నీ, ఆ సీసా వెనక లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.